అర్హత లేని అమ్మవారు

సత్యప్రియకి అన్నిటికన్నా పెద్ద భయం తన కూతురు కాలువలో పడి చచ్చిపోతుందని. ఈ మాట పైకి అంటే అత్తగారు నోరు కడుక్కురమ్మంటుంది, మొగుడు ఫోనులోంచి తలెత్తి పొద్దున్నే ఏంటా మాటలంటాడు, మామగారైతే నవ్వుతాడు, అమ్మవారిని నీళ్ళేం చేస్తాయే పిచ్చిమొహమా అని. అందుకే ఎవరితోనూ అనకుండా, ఆ మాటని బుగ్గన పెట్టుకున్న వక్కలా అటూ ఇటూ తిప్పుకుంటూ, అమలాపురంలో ఒక కొబ్బరి కొట్టు మీది మేడ వరండాలో, ఊగిసలాడే బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆరేళ్ళ శ్రీకళ తల. పక్కన అత్తగారు సూరమ్మ, బొడ్లో తాళాల గుత్తితో, చేతిసంచిలో వేపాకుతో, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు పట్టుచీర కట్టుకుని. తలుపు మూసిన గదిలో, కిటికీ మాత్రం తెరిచే ఉంది, ముగ్గురు పెద్దమనుషులు ఈ పిల్లకి మహిమ చూపిస్తే ఇచ్చే బహుమతికి పోటీపడే అర్హత ఉందా లేదా అని వాదించుకుంటున్నారు. మామగారు శ్రీరాములు, మొగుడు నాగసతీష్ లోపలే ఉన్నారు. కుర్చీలు చాలవు, మీరు బయట కూర్చోండి అన్నది ఆ పెద్దమనుషులు కారు, మామగారే. కుర్చీలు ఖాళీగా ఉండటం సత్యప్రియ కిటికీలోంచి చూసింది కూడా.

కింద కొట్లోంచి ఎండుకొబ్బరి వాసన మెట్లెక్కి వస్తోంది. అంబాజీపేట వైపు వెళ్ళే లారీ ఒకటి సందు మలుపులో ఇరుక్కుని హారను మోగిస్తే శ్రీకళ నిద్రలోనే ఉలిక్కిపడింది, సత్యప్రియ వెంటనే పిల్ల పెదాల వంక చూసింది, చప్పరిస్తోందా అని. లేదు. ఊపిరి వదిలింది. రోజంతా ఇలా పెదాల వంక చూడటమే, ఇంకే తల్లీ చెయ్యని పని, పప్పు మాడిపోయినా పాలు పొంగిపోయినా. గోడ మీద కాగితం అంటించి ఉంది: పూనకం, సోది, చేతబడి, గాల్లోంచి విబూది, ఏ మహిమైనా సరే, మా ముందు మా షరతుల మీద చూపించినవారికి బహుమతి. ఇన్నేళ్ళలో ఎవరూ గెలవలేదని కింద గర్వంగా రాసుకున్నారు. గెలవకపోవడం కూడా ఒక గొప్పే వీళ్ళకి.

శ్రీకళకి అది నాలుగో ఏట మొదలైంది. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలోనే ఉండిపోయేది. కళ్ళు గోడకి అతుక్కుపోయేవి, పెదాలు చప్పరించేది, కుడిచేత్తో గౌను అంచుని చిన్నచిన్నగా గిల్లేది, పువ్వులు కోస్తున్నట్టు. కాసేపటికి ఒళ్ళంతా కొయ్యబారి, వణికి, ఆపైన నిద్ర. లేచాక ఏమీ గుర్తుండదు. మొదటిసారి సత్యప్రియ వేసిన కేకకి మామగారు పరుగెత్తుకొచ్చి, ఆ గిల్లే చేతిని చూసి, మన దుర్గమ్మే, పూలు కోసుకుంటోంది అన్నాడు. దుర్గమ్మ అంటే ఆయన కూతురు నాగదుర్గ, సతీష్‌కి అక్క. సత్యప్రియ కాపురానికి రాకముందెప్పుడో, పదిహేడో ఏట, ఇంటి వెనక కాలువ రేవులో బట్టలు ఉతకడానికి దిగి, కింది లాకుల దగ్గర శవమై తేలింది. మెట్టు జారిందని ఎవరూ అనలేదు. అమ్మవారు పిలిచిందన్నారు, తనలో కలుపుకుందన్నారు. నడిమింట్లో ఫొటో పెట్టారు, పసుపూ కుంకుమా పెట్టారు, శుక్రవారం దీపం పెట్టారు. ఇప్పుడు ఆ మేనత్తే మేనకోడలి మీదికి వచ్చిందన్నమాట. చచ్చిపోయిన ఆడపిల్లకి ఆ ఇంట్లో ఉన్న మర్యాద బతికున్న ఆడపిల్లకి ఏనాడూ లేదు.

ఇంక ప్రతి శుక్రవారం ఆడవాళ్ళొస్తారు. మామిడికుదురు నించి, ఏటి అవతలి లంక ఊళ్ళ నించి, షేర్ ఆటోలు కట్టించుకుని. పిల్లని పీట మీద కూర్చోబెట్టి నిద్రపోనివ్వరు, తిననివ్వరు, సాంబ్రాణి పొగలో ఉంచుతారు. నిద్రలేక, ఆకలికి, ఆ పొగకి సాయంత్రమయ్యేసరికి పిల్లకి రానే వస్తుంది. అదిగో వచ్చింది తల్లి అంటారు. పసుపునీళ్ళు మొహాన కొడతారు. మగతలో ఏదో గొణిగితే అదే వాక్కు. ఒకావిడ మా అల్లుడికి ఉద్యోగం ఎప్పుడు తల్లీ అని అడిగితే చాక్లెట్టు అంది పాపం, నెల తిరక్కుండా ఆ అల్లుడు రావులపాలెంలో బేకరీలో చేరాడు. ఇంకేముంది. ఆ వారం నించి వీధి చివరిదాకా చెప్పులే. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఇది నిజం పూనకమేనా అని సందేహపడితే, మామగారికి రోషమొచ్చి పిల్ల అరచేతిలో కర్పూరం వెలిగించాడు. పిల్ల కదల్లేదు. చూసేరా అన్నాడు. తెలివొచ్చాక ఏడ్చింది, ఆ ఏడుపు వినే తీరిక ఎవరికీ లేదు, ప్రసాదం పంచుతున్నారు. వంటింట్లో పిల్ల చేతికి వెన్న రాస్తూ సత్యప్రియ ఆ నడిమింట్లో ఉన్న ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క కర్పూరం బిళ్ళ వెలిగించుకుంటూ పోయింది, మనసులో, మొగుడి చేతిలో రెండు.

పూనకం కాదని ఆమెకి మొదటి రోజే తెలుసు. ఎలా తెలుసంటే తన క్లాసువాడు బెంజమిన్ వల్ల. రాజోలులో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, ఒకరోజు ప్రార్థనలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. ఇనుము, ఇనుము అని అందరూ అటూ ఇటూ పరుగెత్తారు. ఈ వైపు ఎవరికి మూర్ఛ వచ్చినా చేసే పని అదే, ఇనుప తాళాలు చేతిలో పెట్టి పిడికిలి మూసి పట్టుకుంటారు. హెడ్మాస్టారు ఆఫీసు గది తాళాలు తెచ్చి పెట్టారు. తాళాలకి తగ్గిందో, తగ్గే వేళకి తగ్గిందో, లేచి కూర్చుని అందరి వంకా వెర్రిగా చూశాడు, అచ్చం ఇప్పుడు శ్రీకళ చూసే చూపు. తర్వాత వాళ్ళ నాన్న కాకినాడ తీసుకెళ్ళాడు, మాత్రలు వేయించాడు. ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతున్నాడు. బెంజమిన్‌ని ఎవరూ దేవుడనలేదు. అందుకే బతికాడు. సత్యప్రియ చదువు మాత్రం ఆ ఏడే ఆగింది, అమ్మ మంచాన పడితే పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి గనక. పదోతరగతి కూడా లేనిదానివి నీకేం తెలుసు రోగాల సంగతి అంటాడు సతీష్. ఆయన డిగ్రీ చదివాడు. అరచేతిలో కర్పూరం వెలుగుతుంటే వీడియో తీశాడు.

ఈ బహుమతి సంగతి ఆ ఫోనులోనే వచ్చింది. ఎవరో ఎగతాళికి పంపిస్తే సతీష్ నవ్వి పడేశాడు, సత్యప్రియ చదివింది. షరతుల్లో ఒకచోట, పాల్గొనేవారిని ముందుగా మా డాక్టరు పరీక్షిస్తారు అని ఉంది. ఆ వాక్యాన్ని ఆమె మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఆసుపత్రి అంటే అమ్మవారిని సూదులతో గుచ్చుతారా అని కంచం ముందు నించి లేచిపోయే మనిషి మామగారు. మర్నాడు ఆయనకి మజ్జిగ పోస్తూ, ఆ కాగితంలో ఉన్నవన్నీ వినిపించి, ఆ ఒక్క వాక్యం మింగేసి, మన పాపకి కాకపోతే ఇంకెవరికొస్తుంది మావయ్యగారూ అంది. ఆయన మీసం తుడుచుకున్నాడు. డబ్బు మీద ఆశ కాదు, తోట మీద వచ్చేదే ఆయనకి చాలు. అమలాపురంలో చదువుకున్నవాళ్ళ చేత దండం పెట్టించాలి, అదీ ఆయన కోరిక. సత్యప్రియకి దండాలూ వద్దు, బహుమతీ వద్దు. ఎవరో ఒక డాక్టరు, మెడలో గొట్టం వేసుకుని, ఈ మనుషులందరి ఎదురుగా, ఇది మూర్ఛ అనాలి. ఆ ఒక్క మాట కోసం పిల్లని మళ్ళీ ఒక పీట మీదికి తనే తోలుకొచ్చింది.

కిటికీలోంచి మాటలు తెరలు తెరలుగా వస్తున్నాయి. వీరేంద్ర గారు అనే రిటైరైన లెక్చరరు, మనిషి సన్నం, గొంతు లావు, పిల్లల్ని తీసుకోకూడదంటున్నాడు. మనం ఈ బహుమతి పెట్టింది జనాన్ని దోచుకునే స్వాములకి, వాళ్ళలో ఒక్కడూ ఈ మెట్లెక్కడు, ఎక్కేవాళ్ళంతా తమకేదో ఉందని నిజంగా నమ్మే అమాయకులూ, జబ్బు మనుషులూ, వాళ్ళని ఓడించి మనం సాధించేదేంటి అంటున్నాడు. కృపానందం గారు లాయరు. తలుపు ఒకరికి తీసి ఒకరికి మూస్తే రేపు స్వాములే అంటారు, వీళ్ళు భయపడి ఏరుకుంటున్నారని, కాబట్టి ఎవరొచ్చినా రానివ్వాలి అంటున్నాడు. మామగారు మధ్యలో దూరి, ఆయ్, అమ్మోరికి వయసేటండి, పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారా ఏటండి అన్నాడు. లోపల ఎవరో నవ్వారు. మూడో ఆవిడ డాక్టరు, బాలాత్రిపురసుందరి గారు. వస్తూనే మామగారు ఆవిడ పేరడిగి, పేరేమో అమ్మోరిది, పనేమో అమ్మోరికి పరీక్షలెట్టడమా తల్లీ అని దెప్పాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఇప్పటిదాకా ఆవిడ గొంతు వినపడలేదు. మాట్లాడు తల్లీ, అనుకుంటోంది సత్యప్రియ, మాట్లాడు, ఎందుకొచ్చావు మరి, వాళ్ళు నియమాలు వల్లించుకుంటుంటే నువ్వు లేచి ఇవతలికి రా, ఇదిగో ఇక్కడ ఉంది పిల్ల, వెచ్చగా, చెమట పట్టి, జుట్టులో సాంబ్రాణి వాసనతో.

అర్హత ఎవరికుండాలో తనని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేది. పరీక్ష పెట్టాల్సింది పిల్లకా? మామగారిని పిలవండి. పిల్లని ఒక్క శుక్రవారం కడుపునిండా తిననిచ్చి, పొగ లేకుండా నిద్రపోనిచ్చి, అప్పుడు అమ్మవారిని రప్పించమనండి. వస్తే ఇచ్చెయ్యండి బహుమతి. వీడియో తీసిన తండ్రిని పిలవండి, చాక్లెట్టు అంటే బేకరీ అని అర్థం చెప్పిన ఆవిణ్ణి పిలవండి, వాళ్ళకున్నాయి మహిమలు, లేనిది ఉన్నట్టు చూపించే మహిమ, ఉన్న జబ్బు కనపడకుండా మాయం చేసే మహిమ. పక్కన సూరమ్మ పిల్ల పాదం మీద చీర కొంగు కప్పింది, ఫ్యాను గాలి తగులుతోందని. ఆ ప్రేమ చూస్తే సత్యప్రియకి ఇంకా మండింది. ప్రేమ లేనివాళ్ళతో అయితే పోట్లాడొచ్చు.

తలుపు తెరుచుకుంది, పిల్లని తీసుకురమ్మన్నారు. లేపితే కళ్ళు నులుముకుంటూ లేచింది. లాయరు గారికి ఒక సందేహం వచ్చిందట, మహిమ ఉందని ఎవరంటున్నారో వాళ్ళే నోటితో చెప్పుకోవాలి, తాతగారు చెప్తే చెల్లదు అని. డాక్టరుగారు కుర్చీలోంచి కిందికి దిగి, పిల్ల ఎత్తుకి వంగి, నీకేమైనా శక్తి ఉందా అమ్మా అని అడిగింది.

"ఏమోనండి. నేను పడుకుంటానండి. లేచేసరికి అందరూ దండం పెడుతుంటారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వీరేంద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి అర్హత లేదని ఇవాళే నియమం చేస్తున్నాం అన్నాడు, చాలా మెత్తగా, పిల్లకేదో మేలు చేస్తున్నవాడిలా. మేలే. మంచి మనుషులే. పిల్లని ఆటబొమ్మని చెయ్యకూడదనుకున్నారు, ఏ లోపమూ లేదు ఆ మాటలో. ఆ మంచితనం చూస్తే సత్యప్రియకి గొంతు పిసకాలనిపించింది. గుమ్మం పట్టుకుని అడిగింది.

"మరి డాక్టరు పరీక్షండీ?"

"అది అర్హత ఉన్నవాళ్ళకే కదమ్మా." అన్నాడు వీరేంద్ర గారు.

అంతే. ఆమె మజ్జిగ పోస్తూ మింగిన వాక్యం మళ్ళీ గొంతులోకే వచ్చింది. మామగారు లేచి నిలబడ్డాడు, కండువా దులిపాడు, మొహం వెలిగిపోతోంది. భయపడ్డారండి మీరు, చెప్పండి, భయపడ్డామని ఒక్క మాట చెప్పండి, వెళ్ళిపోతాం అంటున్నాడు. ఈ గొడవలో సత్యప్రియ ఒక్క క్షణం పిల్ల పెదాల వంక చూడటం మర్చిపోయింది. చూసేసరికి చప్పరిస్తోంది. కుడిచెయ్యి గౌను అంచు గిల్లుతోంది. నిద్ర పాడైంది, పొద్దున్నించి ఏమీ తినలేదు, అమ్మవారు ఉపవాసముండాలని. కాళ్ళు కొయ్యబారి వాలిపోతున్న పిల్లని పట్టుకుని కింద కూర్చుంది. వచ్చింది, చూడండయ్యా వచ్చింది అని మామగారు చేతులు జోడించాడు. సతీష్ ఫోను తీశాడు. వేపాకు సంచి చేతిలోనే ఉంది సూరమ్మకి. కానీ సంచి జారవిడిచింది. బొడ్లోంచి తాళాల గుత్తి లాగి, పిల్ల పిడికిలి విప్పి, అందులో కుక్కి, రెండు చేతులతో మూసి పట్టుకుంది. ఎన్నోసార్లు చేసిన పనిలా, చెయ్యి తడబడకుండా.

సత్యప్రియ ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. శుక్రవారాలు అంతమంది ఆడవాళ్ళ మధ్య, పసుపునీళ్ళ మధ్య, ఈ చేతులు ఎప్పుడూ పిల్లకి దగ్గరగానే ఉండేవి, ఎవరికీ కనపడకుండా వీపు చాటున. పిల్ల దిండు కింద పొద్దున్నే తాళాలు దొరికితే అత్తగారి మతిమరుపనుకుంది. నడిమింట్లో ఫొటోలో నాగదుర్గ, లంగా ఓణీలో, ఒక పిడికిలి బిగించి ఉంటుంది, ఆ పిడికిట్లోంచి ఇనుప వలయం కొంచెం కనిపిస్తుంది. ఇంటి తాళాలు కూతురి చేతికిచ్చుకున్న గారాబం అనుకుంది ఇన్నాళ్ళూ. దీపం వెలిగించిన ప్రతిసారీ ఆ పిడికిలి చూస్తూనే ఉంది.

"అత్తయ్యగారూ. అమ్మవారొస్తే తాళాలెందుకు పెట్టేరు?"

సూరమ్మ తలెత్తకుండా ఆ పిడికిలి ఇంకా గట్టిగా పట్టుకుంది. మామగారు గోడ వంక చూశాడు, అప్పుడు అర్థమైంది సత్యప్రియకి, ఆయనకీ తెలుసు. డాక్టరుగారు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా ఆ పిడికిలి విప్పి, తాళాలు తీసేసి, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఇది మూర్ఛ అండీ, మందులున్నాయి, తగ్గుతుంది, రేపే నా దగ్గరకి తీసుకురండి అని సత్యప్రియకి తన ఆసుపత్రి ఎక్కడో చెప్పింది. సత్యప్రియ ఏ మాట కోసం వచ్చిందో ఆ మాటే, ఆ మనుషులందరి ఎదురుగానే. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. బహుమతి ఎగ్గొట్టడానికి ఏ మాటైనా అంటారండి అన్నాడు మామగారు, గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే తేడా. పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

తిరుగు దారిలో ఆటోలో మాటలన్నీ మామగారివే. ఆయన డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడవునా ఫోను చేస్తూనే ఉన్నాడు. అమలాపురం వాళ్ళు బెదిరిపోయి కొత్త నియమం రాసుకున్నారని, ఈ శుక్రవారం షామియానా వేయిస్తున్నామని, అన్నదానం కూడా అని. రెండు పక్కలా కొబ్బరితోటలు, ఒక పక్క కాలువ, గుర్రపుడెక్క కప్పేసి పచ్చని నేలలా కనిపించే కాలువ, నడిచి వెళ్ళొచ్చనిపించే కాలువ. సత్యప్రియ పిల్లని కాలువ వైపు నించి ఇవతలికి మార్చుకుంది. సూరమ్మ ఒళ్ళో తాళాలు పెట్టుకుని ఒక్కొక్కటీ తడుముతోంది. నీళ్ళ వంకే చూస్తూ అంది.

"ఆ పూట తాళాలు నా దగ్గరే ఉండిపోయేయి."

జాలి వస్తుందేమోనని సత్యప్రియ ఎదురుచూసింది. రాలేదు. తెలిసీ, ఒక పిల్లని నీళ్ళకిచ్చి, దాన్ని అమ్మవారని పేరు పెట్టి, ఇప్పుడు రెండో పిల్ల. ఆ పిల్లది మూర్ఛ అని ఒప్పుకుంటే ఈ పిల్లకి మందు వెయ్యాలి, ఈ పిల్లకి మందు వేస్తే ఆ పిల్లకి వెయ్యలేదని తేలుతుంది. అందుకని ఇనుప ముక్క. ఇల్లు రాబోతుంటే సూరమ్మ ఆ డాక్టరమ్మ ఎక్కడుంటానంది అని అడిగింది, చాలా చిన్న గొంతుతో, మామగారికి వినపడకుండా. తోడు రావడానికి అడుగుతోందో, అడ్డుపడటానికి అడుగుతోందో. ఈ ఇంట్లో ఎవరికి ఏం చెప్పడానికీ ఆమెకి నమ్మకం లేదు. రేపు పిల్లని బడికని చెప్పి తీసుకెళ్ళి, ఆ డాక్టరు దగ్గరకి బస్సెక్కితే, ఎక్కనిస్తే.

అందుకని మిమ్మల్ని అడగడం. మామిడికుదురు దాటాక కాలువ గట్టున నీలం గేటు ఇల్లు, శుక్రవారమైతే షామియానా కనపడుతుంది. అటువైపు వెళ్తే ఒకసారి ఆగండి. దండం పెట్టకండి. పిల్ల ఏదని అడగండి, పడుకుందంటే పడుకున్న పిల్లనే చూపించమనండి. లేచి ఉంటే పొద్దున్నించి ఏం తిన్నావమ్మా అని అడగండి, మాత్ర వేసుకున్నావా అని అడగండి. వచ్చేటప్పుడు, మంచినీళ్ళ నెపంతో పెరట్లోకి వెళ్ళి, రేవు వైపు తలుపుకి గడియ వేసి ఉందో లేదో కాస్త చూసి రండి.